ఆడపడుచు స్లైడ్లు

పొద్దున్నే కాఫీ పోసుకునే ముందు ఖాళీ గాజుగ్లాసు మీద నోటితో ఆవిరి ఊదడం చుక్కమ్మకు అలవాటు. ఊదిన ఆవిరి గ్లాసంతా ఒకేలా కమ్ముకుని, ఒకేలా విడిపోతే గ్లాసు శుభ్రంగా ఉన్నట్టు. ఎక్కడైనా మచ్చలా ఆగిందంటే అక్కడ జిడ్డు మిగిలినట్టు. మచ్చ కనిపిస్తే మళ్ళీ కడుగుతుంది, మళ్ళీ ఊదుతుంది. ఈలోపు కాఫీ చల్లారిపోతుంది.

"దానికేమన్నా జ్వరమా, అట్లా పట్టిపట్టి చూస్తావు?" అనేది అత్తగారు.

చుక్కమ్మ నవ్వేది కాదు. శుభ్రం విషయంలో ఆమెకు వేళాకోళం నచ్చదు.

ఆమె అసలు పేరు ఇంట్లోవాళ్ళకూ జీతమిచ్చేవాళ్ళకూ తప్ప ఎవరికీ గుర్తులేదు. రక్తపరీక్షల సామాను తయారుచేసే ఒక చిన్న సంస్థలో పని ఆమెది. స్లైడ్ల మీద నీటిచుక్క వేసి, కెమెరాలోంచి దాని ఆకారం కొలుస్తుంది కాబట్టి తోటివాళ్ళు చుక్కమ్మ అన్నారు. అదే స్థిరపడిపోయింది.

వాళ్ళ నాన్నకు అద్దాల దుకాణం ఉండేది. ముగ్గురు ఆడపిల్లల్లో అద్దాలు తుడిచే పని ఎప్పుడూ ఈమెదే. అక్క అందగత్తె, చెల్లెలు గలగలా మాట్లాడేది. వాళ్ళిద్దరూ దుకాణానికి వస్తే అద్దాల్లో చూసుకునేవాళ్ళు. ఈమె మాత్రం అద్దం మీద మరకల్నే చూసేది. "మా నడిపిది చెయ్యి పెట్టిందంటే అద్దం ఉన్నట్టే తెలియదు," అని నాన్న కొనేవాళ్ళతో చెబుతుంటే ఒళ్ళు పులకరించేది. అదే నాన్న సాయంత్రం ఇంటికెళ్ళి అక్కను ముద్దుచేస్తుంటే ఆ పులకరింతంతా కడుపులో మంటగా మారేది. అసూయ ఆమెకు నిన్నమొన్నటిది కాదు. కాకపోతే దాన్ని కూడా నీట్‌గా మడతపెట్టి లోపల దాచుకునేది.

ఆమె చేసే పని చెప్పుకోవాలంటే తేలికే. చేయడమే కష్టం. సన్నటి గాజుముక్క మీద కంటికి కనిపించేంత మాత్రమే బంగారం పూత వేస్తారు. ఆ పూత వేసే యంత్రం నడిపేది ఒక పెద్దాయన. ఆయన్ని అందరూ బంగారం బాబాయ్ అంటారు. అలా బంగారం పట్టిన స్లైడును చుక్కమ్మ ఆల్కహాల్ కలిపిన ఒక ద్రవంలో ముంచి ఉంచుతుంది. ఆ ద్రవంలో ఒక రకం అణువులుంటాయి. పొడుగ్గా, ఒక కొసకు తలా రెండో కొసకు తోకా ఉన్నట్టుంటాయి. తలలో గంధకం. గంధకానికి బంగారమంటే చెప్పలేనంత ఇష్టం, కనిపిస్తే చాలు పట్టేసుకుంటుంది. తల బంగారాన్ని కరిచిపట్టుకుంటే తోకలన్నీ పైకి లేచి, ఒకదాని పక్కన ఒకటి, గాలి కూడా దూరనంత దగ్గరగా నిలబడతాయి. వాటిని ఎవరూ వరుసలో నిలబెట్టరు. వాటంతట అవే నిలబడతాయి. మందం ఒకే ఒక్క అణువంత. ఆ ఒంటి పొర మీదే తర్వాతివాళ్ళు రోగాన్ని పట్టిచ్చే పదార్థాన్ని అతికిస్తారు. పొరలో సందులుంటే పరీక్ష తప్పుతుంది.

సందులున్నాయో లేవో చెప్పేది నీటిచుక్క. పొర బాగా కుదిరితే చుక్క స్లైడును అంటనట్టు గుండ్రంగా కూర్చుంటుంది. కుదరకపోతే చతికిలబడుతుంది. చుక్కమ్మ స్లైడ్ల మీద చుక్కలు గుండ్రంగానే కూర్చునేవి. ఆ సంస్థలో ఆమె స్లైడ్లే మేలైనవి. ఆ మాట ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు, అనాల్సిన అవసరమూ ఉండేది కాదు. ఎందుకంటే పోటీకి ఇంకెవరూ లేరు.

అలాంటి చోటికి తన చేతులారా పోటీని తెచ్చుకుంది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఆయన చెల్లెలు చిట్టి డిగ్రీ పూర్తిచేసి, రెండు ఉద్యోగాల్లో చేరి, రెండూ మానేసి, ఇంట్లో కూర్చుని పాటలు వింటుండేది. "మీ దగ్గరేమన్నా ఉంటే చూడరాదూ? ఇంట్లో ఉంటే దీన్ని భరించలేకపోతున్నాం," అన్నాడాయన. చుక్కమ్మ డైరెక్టర్ మేడమ్‌తో మాట్లాడింది. తన కింద ఒక మనిషి ఉంటే మంచిదేననుకుంది. ఆడపడుచుకు పని నేర్పడంలో ఒక రకం హాయి కూడా ఉందని, పైకి ఒప్పుకోదు గానీ, ఆమెకు తెలుసు.

చిట్టి చేరింది. తలకు పెట్టుకునే టోపీ ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి ఉండేది. చేతి తొడుగులు వేసుకున్నాక ముక్కు దురద పుట్టేది. స్లైడ్లు ముంచిన సీసాల మీద తేదీ రాయమంటే పువ్వు బొమ్మ వేసేది.

"తేదీ ఏదే?"

"పువ్వుకి ఎన్ని రేకులుంటే అన్నో తారీఖు వదినా. లెక్కపెట్టుకో."

"ఇవాళ ముప్పయ్యో తారీఖు."

"అందుకే పువ్వు అంత గొప్పగా వచ్చింది!"

బంగారం బాబాయ్ పడీపడీ నవ్వాడు. చుక్కమ్మతో కలిసి అన్నేళ్ళు పనిచేశాడు, ఆమె మాటకు ఎప్పుడూ అలా నవ్వినట్టు గుర్తులేదు.

కొన్ని నెలలు గడిచాక ఒక సోమవారం చిట్టి స్లైడ్ల మీద చుక్క వేసి చూస్తే, చుక్కమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూడాల్సి వచ్చింది. చుక్క తన చుక్కలకంటే గుండ్రంగా ఉంది. రెండోది వేసింది, మూడోది వేసింది. అన్నీ అంతే. ఒకరోజు అదృష్టం అనుకుంది. తర్వాతి సోమవారం కూడా అంతే. వారం మధ్యలో చేసినవి మామూలుగా ఉండేవి, సోమవారం తీసినవి మాత్రం ముత్యాల్లా మెరిసేవి.

"చిట్టమ్మ చేతిలో ఏదో ఉంది," అన్నాడు బంగారం బాబాయ్.

"దాని చేతిలో ఉండేది సెల్‌ఫోను బాబాయ్, ఇంకేం ఉండదు," అంది చుక్కమ్మ. అందరూ నవ్వారు. తన మాటకు నవ్వు వచ్చినందుకు సంతోషించాల్సింది. సంతోషం కలగలేదు.

ఇంట్లోనూ ఊపిరాడలేదు. అన్నం తింటూ చిట్టి, "ఇవాళ మేడమ్ నా స్లైడు ఫొటో తీసుకుందమ్మా," అంది. అత్తగారు కూతురి కంచంలో ఇంకో గరిటె వేసింది. "చిన్నప్పుడు దీని రాత చూసి మాస్టారు కోడిగీతలన్నాడు. చూశావా, ఇప్పుడు ఫొటోలు తీస్తున్నారు!" భర్త, "మా చెల్లెలంటే ఏమనుకున్నారు మరి," అన్నాడు. చుక్కమ్మ కంచం ఎత్తి తోముకోడానికి లేచింది. అన్నేళ్ళ నుంచి తన స్లైడ్ల గురించి ఈ ఇంట్లో ఎవరు అడిగారు? ఇంటికొస్తే గంధకం వాసన వస్తోందని మాత్రం అందరూ అన్నారు. ఇప్పుడు చిట్టి ఒంటి మీద అదే వాసన. దానికి ఎవరి ముక్కూ అడ్డు చెప్పలేదు.

ఆమె చిట్టి పని మీద కన్నేసింది. ఎక్కడో తప్పు చేస్తుండాలి. తప్పు దొరికితే చాలు, ప్రాణం కుదుటపడుతుంది. కడగడం చూసింది, బాగానే కడుగుతోంది. ఎందుకు కడగదు, నేర్పింది తనేగా. ద్రవం కలపడం చూసింది, కొలత సరిగ్గానే ఉంది. చివరికి దొరికింది. దొరికాక, దొరక్కపోయినా బాగుండేదనిపించింది.

చిట్టి శుక్రవారం స్లైడ్లు ముంచి, వాటి సంగతే మరిచిపోయి ఇంటికి వచ్చేస్తోంది. అవి సోమవారం దాకా ద్రవంలోనే ఉంటున్నాయి. ఆ సంస్థలో పద్ధతి ఒక రాత్రి ఉంచడం. చుక్కమ్మ అందరికంటే ముందు పనికి వచ్చి, సంచీ కూడా కింద పెట్టకముందే తన స్లైడ్లు తీసేది. శనివారం పూట కూడా వచ్చి తీసేది. అలా ఎన్నడూ ఒక్కరోజు తప్పలేదు. అణువులు బంగారాన్ని పట్టుకోవడం నిమిషాల్లో అయిపోతుందనీ, ఆ తర్వాత నిదానంగా సర్దుకుని, ఒరిగినవి నిటారై, సందులు పూడడానికి రోజులు పడుతుందనీ ఆమె చదివింది కూడా. చదివింది ఒకటి, రోజూ చేసే పని ఇంకొకటి. అన్నేళ్ళూ ఆమె తన పొరల్ని అవి కుదురుకునే వేళకే లాగేసింది. చిట్టి మతిమరుపు వాటిని వాటి మానాన వదిలేసింది.

తెలివితేటలతో గెలిచి ఉంటే అసూయ పడటానికి ఒక మర్యాదైనా ఉండేది. మరిచిపోవడాన్ని చూసి ఎలా అసూయపడతాం? పడింది. ఇంకా ఎక్కువ పడింది. ఎవరి కంటా పడని తన ఇన్నేళ్ళ జాగ్రత్తనంతా ఆ పిల్ల ఒక్క మరుపుతో తుడిచేసింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చిట్టికి అసలే చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే సంస్థకు పెద్ద పని వచ్చింది. దానికోసం కొత్తగా ఒక కోటింగ్ రూము కట్టారు. దుమ్ము రాని గది, కొత్త బల్లలు, అద్దాల తలుపు. దానికి ఒక ఇన్‌చార్జి కావాలి. ఆ గది పునాదిలో ఉన్నప్పటి నుంచీ చుక్కమ్మ రోజూ అటువైపు వెళ్ళి చూసొచ్చేది. బల్లలు ఏ పక్కన వేయాలో మనసులో వేసుకుంది కూడా. అడగలేదు. అడక్కుండానే వస్తుందనుకుంది.

మేడమ్ ఇద్దరినీ పిలిచింది. "మీరిద్దరూ ఈ వారం తలా ఒక సెట్ చేయండి. సోమవారం నా ఎదురుగా కొలుద్దాం. ఎవరివి బాగుంటే ఆ గది వాళ్ళ చేతిలో పెడతాను. వయసూ, ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నారూ అన్నది నేను చూడను."

"అయ్యో, వదినే ఉండనీండి మేడమ్," అంది చిట్టి.

ఆ జాలి ఒంటికి కారం రాసినట్టయింది. "పోటీ పెట్టింది మేడమ్ గారు. నువ్వు దానం చేసేదేంటి?" అంది చుక్కమ్మ, గట్టిగానే.

శుక్రవారం సాయంత్రం ఇద్దరూ పక్కపక్కనే స్లైడ్లు ముంచారు. చిట్టి తన సీసా మీద పువ్వు వేసింది. చుక్కమ్మ తేదీ రాసింది.

శనివారం మధ్యాహ్నం చుక్కమ్మ పనికి వెళ్ళింది. ఎప్పుడూ వచ్చే మనిషే కాబట్టి వాచ్‌మన్ ఏమీ అడగలేదు. లోపల ఎవరూ లేరు. ఎండ కిటికీలోంచి బల్ల మీద పడుతోంది. రెండు సీసాలూ పక్కపక్కన ఉన్నాయి. ఆమె తన సీసా మూత తీయలేదు. దాన్ని అలాగే ఉంచాలని ముందురోజే నిర్ణయించుకుంది. చేతులు మాత్రం అలవాటు కొద్దీ తొడుగులు వేసేసుకున్నాయి. వేసుకున్నాక ఖాళీగా ఉండలేకపోయాయి.

స్లైడ్లు ఒక రాత్రి ఉంచి తీయాలి. అది పద్ధతి. ఎవరడిగినా చెప్పొచ్చు. చిట్టి మరిచిపోతే వదిన గుర్తుపెట్టుకుని తీసింది. అందులో తప్పేముంది? చిట్టి సీసా మూత తీసింది. ఒక్కొక్క స్లైడునూ పట్టకారుతో ఎత్తి, ఆల్కహాల్‌తో కడిగి, నైట్రోజన్ ఊది ఆరబెట్టి, పెట్టెలో వరుసగా పెట్టింది. తన స్లైడ్లనైనా అంత శ్రద్ధగా కడిగి ఉండదు. అన్యాయం చేసేటప్పుడు కూడా ఆ చేతులకు నాసిరకం పని చేయడం చేతకాలేదు. మొత్తం అయ్యాక సంచీ తీసుకుని బయటికొచ్చి, ఎండలో కాసేపు నిలబడి, ఎటు వెళ్ళాలో తోచక ఇంటికి వెళ్ళింది.

సోమవారం చిట్టి ఖాళీ సీసా చూసి, పెట్టె చూసి, అమాంతం వచ్చి చుక్కమ్మను కావలించుకుంది.

"వదినా, నువ్వే కదూ తీసింది? నేను మళ్ళీ మరిచిపోయాను! పోటీ రోజు కూడా మరిచిపోయానంటే నన్నేమనాలి? బాబాయ్, చూశారా, నాతో పోటీ పడుతూ నా స్లైడ్లు తనే తీసిపెట్టింది. ఇట్లాంటి వదిన ఎవరికైనా ఉందా?"

"వదినంటే అట్లా ఉండాలి," అన్నాడు బంగారం బాబాయ్.

చుక్కమ్మ తన సీసా దగ్గరికి వెళ్ళి స్లైడ్లు తీస్తూ వెనక్కి తిరగలేదు.

మేడమ్ వచ్చింది. చిట్టివి కొలిచారు. బాగానే ఉన్నాయి, ఎప్పుడూ చుక్కమ్మవి ఉన్నట్టు ఉన్నాయి. చుక్కమ్మవి కొలిచారు. చుక్క స్లైడు మీద పడి, వణికి, ఎవరో కింది నుంచి ఎత్తిపట్టినట్టు గుండ్రంగా నిలబడింది. ఏ మూల వేసినా అంతే. మేడమ్ కెమెరాలోంచి తల ఎత్తి చెయ్యి కలిపింది.

"గది నీదే. ఈసారి ఏం మార్చావు? ఇంత తేడా ఎట్లా వచ్చింది?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ రేపటి నుంచి ఆ గదిలో అందరూ అలాగే చేయాలి. పని విషయంలో అబద్ధం ఆమె నోటికి రాదు. "ఎక్కువసేపు ఉంచానండీ. శుక్రవారం ముంచి ఇప్పుడే తీశాను. అణువులు సర్దుకోడానికి టైము పడుతుంది," అంది. అనేసిన తర్వాత ఆ మాట చిట్టి కూడా విన్నదని గుర్తొచ్చింది.

చిట్టి చేతిలో నీళ్ళ సిరంజి ఉంది. దాని కొసన ఒక చుక్క పెద్దదై, పెద్దదై, రాలిపడింది.

మధ్యాహ్నం గాజుసామాను కడిగే తొట్టి దగ్గర ఇద్దరే ఉన్నారు.

"వదినా, శనివారం నావి తీశావు కదా. నీవెందుకు తీయలేదు?"

మరిచిపోయానని చెప్పొచ్చు. చుక్కమ్మ మరిచిపోయిందంటే నమ్మేవాళ్ళు ఆ భవనంలో ఎవరూ లేరు. "తీయబుద్ధి కాలేదు," అంది.

"నావి తీయబుద్ధయిందా?"

పంపు నీళ్ళు పోతూనే ఉన్నాయి. "అయింది."

చిట్టి పంపు కట్టేసింది. తొడుగులు ఒక్కొక్క వేలే లాగి తీసింది. "నాకు ముందే చెప్పి ఉంటే నేనే తీసేదాన్ని కదా వదినా. ఆ గదిలో కూర్చోవాలని నాకేం లేదు. తాళంచెవి నాకిస్తే రెండు రోజుల్లో పారేసుకునేదాన్ని." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అన్నయ్యకు చెప్పనులే. అమ్మకు అసలే చెప్పను. చెప్పానంటే ఇంట్లో పొయ్యి వెలగదు."

చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తనే అందరికీ కబురు చెప్పింది. "వదినకు గది వచ్చింది. మేడమ్ చెయ్యి కలిపింది. చుక్క ఎట్లా నిలబడిందో మీరు చూడాల్సింది." అత్తగారు మొదటిసారి చుక్కమ్మ కంచంలో ఇంకో గరిటె వేసింది. భర్త భుజం తట్టాడు. ఎన్నాళ్ళ నుంచో ఎదురుచూసిన మాటలన్నీ ఒక్కసారే వచ్చిపడ్డాయి. ఎదురుగా కూర్చుని చిట్టి మామూలుగా అన్నం తింటోంది. మంచితనం కూడా దానికే దక్కిందా అని చుక్కమ్మకు ఒళ్ళు మండింది. గది గెలుచుకుంది తను, గొప్పగా కనిపిస్తున్నది ఆ పిల్ల. తిట్టినా బాగుండేది. రెండు మాటలు అనిపించుకుంటే లెక్క సరిపోయేది. చిట్టి ఆ అవకాశం ఇవ్వలేదు.

గది తెరిచిన వారానికే చిట్టి ఉద్యోగం మానేసింది. కళ్ళజోళ్ళ అద్దాల ఫ్యాక్టరీలో చేరుతున్నానంది.

"మళ్ళీ మానేశావా? ఇక్కడ ఏం తక్కువైందే?" అన్నాడు అన్నయ్య.

"అక్కడ క్యాంటీన్ బాగుంటుందట అన్నయ్యా."

"నువ్వైనా చెప్పు," అని భర్త చుక్కమ్మ వైపు తిరిగాడు. "నీ మాట వింటుంది."

అప్పుడు చెప్పొచ్చు. ఇది తన వల్ల జరిగిందనీ, చిట్టిని ఉండమనీ, కావాలంటే పోటీ మళ్ళీ పెట్టించమంటాననీ. చుక్కమ్మ నోరు తెరిచింది. చిట్టి ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఎదురుచూపు ఉంది.

"దానికి ఎక్కడ బాగుంటే అక్కడ చేరనివ్వండి," అంది చుక్కమ్మ.

చిట్టి తల ఊపి, సామాను సర్దుకోడానికి లోపలికి వెళ్ళింది. ఆ క్షణంలో చుక్కమ్మకు ముందుగా కలిగింది బాధ కాదు. ఒంటి మీది నుంచి బరువు దిగినంత హాయి. బాధ తర్వాత వచ్చింది, నిదానంగా, రోజులు తీసుకుని. వచ్చాక పోలేదు.

చిట్టి ఫ్యాక్టరీ దగ్గరే గది అద్దెకు తీసుకుంది. అక్కడే పనిచేసే ఒకతన్ని పెళ్ళి చేసుకుంది. అప్పుడప్పుడూ వస్తుంది, వదినా అనే పిలుస్తుంది, జోకులేస్తుంది. పని సంగతి మాత్రం ఇద్దరూ ఎత్తరు. అక్కడ అద్దాల మీద నీళ్ళు నిలవకుండా వేసే పూత విభాగంలో చిట్టికి మంచి పేరుందని బంగారం బాబాయ్ ద్వారా తెలిసింది. ఆ మాట విన్నరోజు చుక్కమ్మకు అన్నం సయించలేదు.

చుక్కమ్మకు ఇప్పుడు నలభై ఆరేళ్ళు. కోటింగ్ రూముకు ఇన్‌చార్జి ఆమే. ఆమె కింద ఇద్దరమ్మాయిలు పనిచేస్తున్నారు. శుక్రవారం ముంచిన స్లైడ్లను వాళ్ళు సోమవారం దాకా ముట్టరు, చుక్కమ్మ శనివారాలు పనికి రావడం మానేసింది.